కిరాయి రాని నెల

గరిడేపల్లిలో చేతిలో నాలుగు పైసలు మిగిలిన మనిషి చూపు మూడు ఊళ్ల మీదికి పోతుంది: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఎటు బస్సెక్కినా గంట అటూ ఇటూ. నాగార్జునసాగర్ కాలువ కింద ఎకరం కొనడం ఉద్యోగస్తుడి వల్ల కాని పని అయిపోయాక, టౌనులో ఒక ఇల్లు కొని కిరాయికిద్దామన్న ఆలోచన రిటైరైన ప్రతి ఇంట్లోనూ ఒకసారి లేస్తుంది. లేచీ లేవగానే ఇల్లు రెండు పక్షాలవుతుంది. పైసలు మూలకు పడేసుకుంటావా అని ఒక పక్షం, ఉన్న నిద్ర పోగొట్టుకుంటావా అని రెండో పక్షం.

ఆ రెండు పక్షాలనూ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. వీళ్లు ఫలానా ఇంటివాళ్లు కారు. ఈ చుట్టుపక్కల వినే మాటలే వీళ్ల నోట పలికించాను. బావ గరిడేపల్లిలో ఉండే రిటైర్డ్ టీచరు, వయసు 62. బామ్మర్దికి మిర్యాలగూడలో ఐరన్, హార్డ్‌వేర్ షాపుంది. రెండు బిల్డింగులు కిరాయికిచ్చాడు. బావ దగ్గర ఉన్నవి 40 లక్షలు. బామ్మర్ది చూసిపెట్టిన ఇల్లు 70 లక్షలు. మిర్యాలగూడలో 150 గజాలు, కింద రెండు పోర్షన్లు, పైన రెండు.

బామ్మర్ది: ఇంకా ఎన్ని రోజులు ఆలోచిస్తావు బావా? ఇల్లు గలాయన దసరా దాకా ఆగేటట్టు లేడు. నాలుగు పోర్షన్లూ నిండి ఉన్నాయి. పోర్షనుకు 6,500. నెల తిరిగేసరికి 26,000 కూర్చున్న చోటికి వస్తాయి.

బావ: కూర్చున్న చోటికి రావయ్యా, అడిగితే వస్తాయి. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు లెక్క చూడు. నెలకు 26,000 అంటే ఏడాదికి 3,12,000. 70 లక్షల మీద నూటికి నాలుగున్నర కూడా పడలేదు. అందులోంచి ఇంటి పన్ను తియ్యి, ఖాళీగా ఉన్న నెలలు తియ్యి, మనిషి మారినప్పుడల్లా వేయించే రంగులు తియ్యి. మూడున్నర మిగిలితే గొప్ప. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీముకు 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం చేశారు. మనిషికి 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడుతుంది. నెలకు 20,500. మోటారు కాలిందని ఎవరూ ఫోన్ చేయరు.

బామ్మర్ది: ఐదేళ్ల దాకా అదే 61,500. ఈ ఐదేళ్లలో నీ బీపీ మాత్రల రేటు ఆగుతుందా, బియ్యం రేటు ఆగుతుందా? కిరాయి ఏడాదికి ఐదు శాతం పెంచుకుంటూ పోతే పద్నాలుగేళ్లకు రెట్టింపవుతుంది. పైగా కింద భూమి ఉంది. పోస్టాఫీసులో పెట్టిన 30 లక్షలు ఎన్నేళ్లున్నా 30 లక్షలే. పన్ను దగ్గర కూడా కిరాయికే మేలు. వచ్చిన కిరాయిలో 30 శాతం రిపేర్ల కింద లెక్కలోంచి తీసేస్తారు. మిత్తికి ఆ సౌకర్యం లేదు.

బావ: పన్ను మాట నాకు వర్తించదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయమున్నవాళ్లకు పన్ను పడట్లేదు. నా పెన్షను, ఈ మిత్తి కలిపినా అంత దూరం పోదు. ధరల సంగతి మాత్రం నువ్వన్నది నిజమే. పైసలన్నీ పోస్టాఫీసులో పెట్టి పదేళ్లు కూర్చుంటే ఆ పైసల్లో సత్తువ తగ్గిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ నువ్వు చెప్పే రెట్టింపు లెక్కలో ఒక షరతుంది. ఆ పద్నాలుగేళ్లూ ఇంట్లో మనుషులుండాలి.

బామ్మర్ది: మిర్యాలగూడలో మనుషులకు కరువా? చుట్టూ రైస్ మిల్లులు, మిల్లుల్లో గుమస్తాలు, డ్రైవర్లు, హమాలీలు. దామరచర్ల అవతల వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం: 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. బీహారు, జార్ఖండ్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు, ఫిట్టర్లు, వెల్డర్లు, సూపర్‌వైజర్లు. రేకుల గది వేసి తలుపు పెడితే చాలు, కిరాయికి మనిషి దొరికాడు.

బావ: నువ్వు గొప్ప అన్న చోటే నాకు భయం. 2015 జూన్‌లో శంకుస్థాపనైన ప్లాంటు అది. కట్టేటప్పుడు కావలసినంత మంది నడిపేటప్పుడు అక్కర్లేదు. ఒక్కో యూనిట్ పూర్తయి కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన కొద్దీ ఆ వెల్డరు ఇంకో రాష్ట్రంలో ఇంకో ప్లాంటుకు పోతాడు. పర్మినెంటు ఉద్యోగులకు క్వార్టర్లు కట్టుకుంటారు. ఈ కథ మన ఉమ్మడి జిల్లా ఒకసారి చూసింది. 1955లో సాగర్ డ్యాంకు నెహ్రూ శంకుస్థాపన చేశాక హిల్ కాలనీ, పైలాన్ కాలనీ జనంతో కిటకిటలాడాయి. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. పనైపోయాక ఆ జనం ఉన్నారా? కిరాయికి మనిషి ఉన్నాడా లేడా అన్నది ఒక్కటే చూడకూడదు. ఆ మనిషి ఎందుకు వచ్చాడు, ఆ పని ఎన్నాళ్లుంటుంది, అది చూడాలి.

బామ్మర్ది: నువ్వు చూసే ఇల్లు టౌను నడిబొడ్డున ఉంది బావా. థర్మల్ వాళ్లు పోతే మిల్లు వాళ్లొస్తారు.

బావ: 6,500కే వస్తారా? రేకుల గదులు వంద ఖాళీ అయిన రోజు పక్కా ఇంటి కిరాయి కూడా తగ్గుతుంది. గదులేసినవాళ్లంతా రేటు దించుతారు.

ఇక్కడ బావ పక్షాన నేనొక మాట కలుపుతాను. ఈ ప్రాంతంలో కిరాయి లెక్క చెప్పేవాళ్లంతా నిండిన ఇంటి లెక్కే చెబుతారు. ఖాళీ అయిన పోర్షనులోకి పోయి నిలబడి చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. గోడ నిండా మేకులు పీకిన గుంతలు. వంటింటి గట్టు పైన నూనె జిడ్డు అద్దకంలా పరుచుకుని ఉంటుంది, దాని మీద రంగు ఒక కోటుకు నిలవదు. బాత్రూం తలుపు అడుగున తడికి ఉబ్బి ఊడిన చెక్క. కుళాయి తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు ఆగవు. పాత కరెంటు బిల్లు ఒకటి, కట్టనిది, కిటికీలో. అడ్వాన్సులో పట్టుకుందామంటే పోయినాయన చివరి నెల కిరాయిని అడ్వాన్సులోనే సరిపెట్టుకుని పోయాడు. పెయింటరు దొరికి, ప్లంబరు వచ్చి, టులెట్ బోర్డు కట్టి, నలుగురికి చూపించి, కొత్తవాళ్లు మంచి రోజు చూసుకుని పాలు పొంగించేసరికి రెండు నెలలు. ఈ రెండు నెలలు ఎవరి నోట్‌బుక్కులోనూ ఉండవు.

బామ్మర్ది: మిర్యాలగూడ నచ్చకపోతే కోదాడ చూద్దాం. హైదరాబాదు-విజయవాడ హైవే మీదుంది. కాలేజీలున్నాయి. రెండు రాష్ట్రాల వాళ్లూ వచ్చిపోతుంటారు.

బావ: కాలేజీ పిల్లల మీద పెట్టిన గదులు 2020 మార్చిలో ఏమయ్యాయి? లాక్‌డౌన్ అనగానే పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోయారు. మాదాపూర్, అమీర్‌పేటల్లోనే హాస్టళ్లు బోసిపోయాయి, మనమెంత? కోదాడలో ఇంకొకటి కూడా చూసుకోవాలి. 2024 ఆగస్టు ఆఖరి రాత్రి మొదలైన వాన గుర్తుందా? సెప్టెంబరు 1న కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఇల్లు చూడ్డానికి ఎండాకాలం పోతే అన్ని ఇళ్లూ మెరకలోనే కనిపిస్తాయి. వాన కురిసిన మర్నాడు పోవాలి.

బామ్మర్ది: అయితే సూర్యాపేట. 2016 అక్టోబరులో జిల్లా అయింది, 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది, 2023లో కొత్త కలెక్టరేటు. జీతాలొచ్చే కిరాయిదార్లు.

బావ: మూడింట్లో అదే మేలు, కాదనను. జీతగాడు ఒకటో తారీకు దాటనివ్వడు. రేటు కూడా అట్లాగే ఉంది, 70 లక్షలకు అక్కడ ఇట్లాంటి ఇల్లు రాదు. నాకున్నవి 40.

బామ్మర్ది: మిగతాది లోను. నీ వయసుకు బ్యాంకు ఎక్కువేళ్లు ఇవ్వదు కాబట్టి అబ్బాయి పేరు కలుపుదాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 30 లక్షలు, పదిహేనేళ్లు, 9 శాతం వేసుకో. నెల కిస్తీ 30,400. కిరాయి 26,000 వస్తుంది. చేతి నుంచి పడేది 4,400. నెలకు 4,400 కట్టి 70 లక్షల ఆస్తి సంపాదిస్తున్నావు. ఎవరిస్తారు ఇట్లాంటి బేరం?

బావ: నాలుగు పోర్షన్లూ నిండి, నలుగురూ టైముకిస్తే 4,400. ఒకటి ఖాళీ అయితే 10,900. రెండు ఖాళీ అయితే 17,400. రిజిస్ట్రేషనుకు ఏడున్నర శాతం, మొత్తం రేటు రాయిస్తే 5,25,000, అది నీ లెక్కలో ఎక్కడా లేదు. పదిహేనేళ్లలో బ్యాంకుకు కట్టేది దాదాపు 54,75,000. అందులో మిత్తే 25 లక్షల దాకా ఉంది. ఇక అబ్బాయి సంగతి. రేపు వాడు హైదరాబాద్‌లో ఇల్లు తీసుకుందామంటే, ఇప్పటికే ఒక కిస్తీ ఉంది కదా అని బ్యాంకు వాడికిచ్చే లోను తగ్గిస్తుంది. నా ధైర్యం కోసం వాడి ఇల్లు వాయిదా పడాలా? 2008లో అమెరికాలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల దగ్గరా ఇదే నమ్మకం. ఇంటి రేటు పెరుగుతూ పోతుందనుకుని ఆదాయానికి మించిన కిస్తీ ఎత్తుకున్నారు. రేటు పడిపోయింది, కిస్తీ నిలబడే ఉంది.

బామ్మర్ది: మరి నేనెట్లా కడుతున్నా బావా? నాకూ రెండు లోన్లున్నాయి. 2020లో నా బిల్డింగులో మూడు పోర్షన్లు నాలుగు నెలలు ఖాళీ. నేనేమన్నా మునిగిపోయానా?

బావ: మునగలేదు. ఎందుకు మునగలేదో ఎప్పుడైనా ఆలోచించావా? ఆ నాలుగు నెలలూ కిస్తీ కట్టింది నీ బిల్డింగు కాదు, నీ షాపు. ఇనుము అమ్మిన పైసలు బ్యాంకులో కట్టావు. నీ ధైర్యం ఇళ్లది కాదయ్యా, షాపుది. అది నా దగ్గర లేదు.

బామ్మర్ది: నీ దగ్గర పెన్షను లేదా? నా షాపు ఒక నెల నడుస్తుంది, ఒక నెల పడుకుంటుంది. కాలువకు నీళ్లు రాకపోతే రైతు ఇల్లు కట్టడు, నా ఇనుము కదలదు. నీకు ఎండొచ్చినా వానొచ్చినా పెన్షను పడుతుంది. ఖాళీ నెలలు తట్టుకునే శక్తి నాకంటే నీకే ఎక్కువ. శక్తున్న నువ్వు భయపడుతున్నావు, శక్తి లేని నేను లోన్లు తీస్తున్నాను. తప్పు లెక్క ఎవరిది?

ఈ మాటకు బావ దగ్గర వెంటనే జవాబు లేదు. ఉండకూడదు కూడా. మా ప్రాంతంలో భద్రంగా బతికే ఉద్యోగస్తుల దగ్గర నాకు కనిపించే లోపం ఇదే. వాళ్లకు నెల నెలా వచ్చే రాబడే పెద్ద ఆస్తి, దాన్ని వాళ్లు ఆస్తిగా లెక్కపెట్టరు. 50,000 పెన్షను వచ్చే మనిషి పది వేల కొరత తట్టుకోగలడు, అదే కొరత చిన్న దుకాణదారుణ్ణి అప్పులవాళ్ల దగ్గరికి పంపుతుంది. మనిషికి ఎంత పెట్టుబడి సరిపడుతుందో చెప్పేది ఆస్తి విలువ కాదు, ఆ ఆస్తి నుంచి ఒక్క రూపాయి రాని నెలలో ఇల్లు గడిపే రాబడి.

బావ: పెన్షను ఉందన్నది నిజమే. అది నేనున్నంత కాలం. నా తర్వాత మీ అక్కకు వచ్చే ఫ్యామిలీ పెన్షను దీనికంటే బాగా తక్కువ. అప్పటికి కిస్తీలు మిగిలి ఉంటే? మీ అక్క మిర్యాలగూడ బస్సెక్కిపోయి నాలుగు తలుపులు కొట్టి కిరాయి అడుగుతుందా?

బామ్మర్ది: అక్క నీకంటే గట్టిది బావా. తలుపులు కొట్టలేనిది నువ్వు. నువ్వు కౌలుకిచ్చిన మూడెకరాల సంగతి నాకు తెలియదా? 2024 యాసంగిలో ఎన్ని బస్తాలు ముట్టాయి?

బావ: ఒక్కటీ తీసుకోలేదు. 2023లో కృష్ణకు సరిగా వరద లేక సాగర్ నిండలేదు, యాసంగికి ఎడమ కాలువ కింద నీళ్లివ్వలేదు. బోరు పారినంత మేర నాటు వేసి, మిగతాది బీడు పెట్టుకున్న మనిషిని బస్తాలు అడగనా?

బామ్మర్ది: ఆ ఏడు అడగకపోవడం ధర్మం, నేనూ అడగను. దాని ముందు ఏడు పంట నిండుగా పండింది. అప్పుడూ సగమే ఇచ్చి మిగతాది తర్వాత చూద్దామన్నాడు. నువ్వు సరేనన్నావు.

బావ: అన్నాను. 2018లో రైతుబంధు మొదలైనప్పటి నుంచి ఎకరానికి ఇంతని సాయం పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఇప్పుడు రైతు భరోసా అయినా అంతే. బురదలో దిగేది ఆయన, పైసలు పడేది నాకు. ఆ మొహమాటం నన్ను అడగనివ్వదు. అది పోవాలని కూడా నేననుకోవడం లేదు.

బామ్మర్ది: పోవద్దు. ఆ గుణం ఉన్న మనిషి నాలుగు పోర్షన్ల ఇల్లు లోను మీద కొనొద్దు, అంతే. నాలుగిళ్లంటే నెలకు ఒక ఇంట్లోనన్నా ఏదో ఒకటి జరుగుతుంది. ఒకామెకు ఆపరేషను, ఒకాయనకు మిల్లులో పని ఆగింది, ఒకరి పిల్లకు ఫీజు. అన్నీ నిజమే ఉంటాయి. నువ్వు అందరికీ సరేనంటావు. బ్యాంకు నీకు సరేననదు.

చూడండి, ఇల్లు కొనమని వచ్చిన మనిషి నోటి నుంచే వద్దన్న మాట వచ్చింది. లెక్కల్లో బావను ఓడించలేకపోయిన బామ్మర్ది ఆయన స్వభావాన్ని ఉన్నదున్నట్టు చెప్పగలిగాడు. నాకు ఈ మాట విలువైనదిగా కనిపిస్తుంది. పెట్టుబడి సలహాలన్నీ పైసల చుట్టూ తిరుగుతాయి. కిరాయి ఇల్లు మాత్రం మనుషుల వ్యవహారం. నోరు తెరిచి అడగగలగడం, అడిగి ఊరుకోగలగడం, అవసరమైతే ఖాళీ చేయమనగలగడం, ఈ మూడూ లేనివాడు బ్యాంకు కిస్తీని కిరాయి మీద ఆనించకూడదు.

బావ: నన్నన్నావు సరే, నేనూ ఒకటడుగుతాను. నీ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లను ఏమేం అడుగుతావు?

బామ్మర్ది: ఏం పని, ఎంతమంది, పెళ్లయిందా లేదా.

బావ: తర్వాత?

బామ్మర్ది: “ఏమిట్లు?” అని, అంటే కులమేమిటని అడుగుతాను. దాచేదేముంది, అందరూ అడుగుతారు. నాకు పట్టింపు లేదు బావా. పక్క పోర్షను వాళ్లు ఖాళీ చేస్తామంటారు.

బావ: నా దగ్గర చదువుకున్న పిల్లవాడికి సర్కారు కొలువొచ్చింది. భార్యాభర్తా టౌనులో ఇల్లు వెతుక్కున్నారు. ఇల్లు నచ్చింది, కిరాయి ఒప్పుకున్నారు, అడ్వాన్సు జేబులో ఉంది. కులం చెప్పాక “ఇప్పుడే ఒకాయనకు మాటిచ్చాం” అన్నారట. అదే బోర్డు మర్నాడు కూడా వేలాడుతోంది. ఒక ఇల్లు కాదు, వరసగా అదే జవాబు. ఒకటో తారీకున జీతం పడే మనిషిని తిప్పి పంపించి, ఖాళీ పోర్షను పెట్టుకుని నష్టం వచ్చిందని లెక్కలు రాసుకుంటారు. నేను కిరాయికిస్తే ఆ ప్రశ్న అడగను. దానికి ఎవరైనా ఖాళీ చేసి పోతే పోనీ. ఆ ఖాళీ నెల నష్టం భరించగలిగినంతలోనే నేను పెట్టుబడి పెడతాను. అప్పు నెత్తిన ఉన్నవాడికి ఇట్లా అనే స్వేచ్ఛ ఉండదు.

అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసి డెబ్బై అయిదేళ్లు దాటింది. మన టౌన్లలో టులెట్ బోర్డు కింద అది ఇంకా బతికే ఉంది. కిరాయి ఆదాయం గురించి రాసేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టి రాయడం నాకు చేతకాదు. ఇంటి యజమాని నిశ్చింత కోసం ఎవరో ఒక కుటుంబం సామాను ఆటోలో పెట్టుకుని తిరగాల్సి వస్తే, ఆ నిశ్చింతకు పేరు వేరే ఉంది. బావ చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. విలువ నిలుపుకోవడానికి అయ్యే ఖర్చును కూడా ఆయన ముందే లెక్కలో వేసుకున్నాడు.

బామ్మర్ది: అయితే ఏమీ కొనవా? 40 లక్షలూ పోస్టాఫీసులోనేనా?

బావ: 30 అక్కడ. మిగతా 10తో మా ఇంటి మీద ఒక పోర్షను వేస్తాను, విడిగా మెట్లు పెట్టి. ఇక్కడ బ్యాంకువాళ్లు, టీచర్లు, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో పనిచేసేవాళ్లు ఇళ్లు వెతుక్కుంటూనే ఉంటారు.

బామ్మర్ది: గరిడేపల్లిలో నాలుగు వేలొస్తాయి. పది లక్షలకు నెలకు నాలుగు వేలు! రేపు పైసలు అవసరమొస్తే పై పోర్షను ఒక్కటి విడిగా అమ్ముకోలేవు కూడా. కనీసం రోడ్డు మీద రెండు మడిగెలన్నా వెయ్యి.

బావ: మడిగెలంటే ఎరువుల దుకాణమో, బట్టల కొట్టో. కాలువకు నీళ్లు రాని ఏడు వాళ్లూ నా కౌలు రైతూ ఒకేసారి చేతులెత్తేస్తారు. నా రాబడి మొత్తం ఒకే కాలువ మీద ఆనించనా? రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేవి మడిగెలే. దుకాణం పెట్టినాయన ఇరవై ఏళ్లకు కూడా లేవడు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలని, అందరూ 11 నెలల కాగితం రాసుకుంటారు. 11 నెలలు అయిపోతాయి, కాగితం బీరువాలో ఉంటుంది, మనిషి దుకాణంలో ఉంటాడు. లేపాలంటే హుజూర్‌నగర్ కోర్టు చుట్టూ తిరగాలి. ఆ ఓపిక నాకు లేదు.

బామ్మర్ది: ఇంట్లో మాత్రం? పైన ఉన్నవాళ్లు నీ నెత్తి మీద నడుస్తారు. వాళ్ల చుట్టాలు, వాళ్ల టీవీ, వాళ్ల నీళ్ల వాడకం. దూరముంటేనే మర్యాద నిలుస్తుంది.

బావ: అది ఉంది. దానికి నేను సిద్ధమే. ఇంకోటి, పోర్షను వేసేది మీ అక్కను అడిగాకే. కిరాయి మాట్లాడేది కూడా ఆమే. నువ్వన్నట్టు ఆమె గట్టిది.

బామ్మర్ది ఒప్పుకోలేదు. పది లక్షలు చచ్చిన పెట్టుబడి అన్నాడు, ఇంకా అంటూనే ఉన్నాడు. ఆయన షాపుకు, ఆయన వయసుకు, ఆయన నోటికి రెండు లోన్లు సరిపోతాయి. ఆయనను పిసినారిగా మారమనడం ఎంత తప్పో, బావను సాహసిగా మారమనడం అంతే తప్పు. నా తీర్పు అడిగితే బావ చేసింది సబబే, ఒక్క సవరణతో. 30 లక్షలూ ఐదేళ్ల తర్వాత అదే స్కీములో కళ్లు మూసుకుని మళ్లీ పెట్టకూడదు. అప్పటికి పై పోర్షను అనుభవం చేతిలో ఉంటుంది. కిరాయి అడగడం వచ్చిందో రాలేదో తేలిపోతుంది. వస్తే సూర్యాపేటలో అప్పు లేకుండా చిన్న ఇల్లొకటి చూడొచ్చు. అప్పుడూ లింకు డాక్యుమెంట్లు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించి, ప్లాటుకు క్రమబద్ధీకరణ ఫీజు (ఎల్‌ఆర్‌ఎస్) కట్టారో లేదో చూసుకున్నాకే బయానా ఇవ్వాలి.

ఇక లోను మీద ఇల్లు కొందామని ఇప్పటికే నిర్ణయించుకున్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బయానా ఇచ్చే ముందు ఆరు నెలలు ఆ కిస్తీని మీకు మీరే కట్టుకోండి. బామ్మర్ది చూపించిన ఇల్లే అనుకుంటే, నెల మొదట్లోనే 30,400 తీసి ముట్టుకోని ఖాతాలో వేయండి, కిరాయి ఒక్క రూపాయి రావడం లేదనుకుని మిగతాదాంతో ఇల్లు గడపండి. మధ్యలో పెళ్లి వస్తుంది, ఆసుపత్రి వస్తుంది, రానివ్వండి. మూడో నెలకే ఆ ఖాతాలోంచి తీయాల్సి వస్తే మీకు సరిపడే ఇల్లు అది కాదు. ఆరు నెలలూ నిలబడితే చేతిలో 1,82,400 ఉంటాయి. 70 లక్షల ఇంటి రిజిస్ట్రేషను ఖర్చులో అది మూడో వంతు.